పాత బీరువా మీది నలుపు ఎవరిది?

ఈ ఎపిసోడ్ చెక్క గురించి. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, చెక్క మీద పేరుకున్న నలుపు గురించి.

మన ఇళ్లల్లో, ముఖ్యంగా ఊళ్లో పెద్దవాళ్ల ఇళ్లల్లో, ఒక టేకు బీరువానో, పందిరి మంచమో, చేతులు వెడల్పుగా ఉండే పడక కుర్చీనో ఉంటుంది. ముట్టుకుంటే కాస్త జిడ్డుగా తగులుతుంది. గోరుతో గీకితే గోటి సందులోకి నల్లటి మైనం లాంటిది వస్తుంది. టేకు గీతలు ఎక్కడా కనిపించవు. "పాతదైపోయింది కదా, నల్లబడింది" అంటారు. తర్వాత ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఒకతను మెషీన్ తెచ్చి సాండింగ్ చేసి, పైన పీయూ కొట్టి వెళ్తాడు. రెండు రోజుల్లో బీరువా షోరూమ్ నుంచి దిగినట్టు మెరుస్తుంది. అందరూ హ్యాపీ.

నాకు పేచీ అక్కడే. నల్లబడింది కర్ర కాదు. దాని మీద ఒకదానిపై ఒకటి పడుతూ వచ్చిన పొరలు. ఒక్కో పొర ఒక్కో కాలానిది, ఒక్కో దేశానిది, ఒక్కో వ్యాపారానిది. కోడ్ రాసేవాళ్ల భాషలో చెప్పాలంటే అది గిట్ హిస్టరీ. సాండింగ్ మెషీన్ పెట్టడమంటే రిపాజిటరీ మొత్తం డిలీట్ చేసి, చివరి వెర్షన్ ఒక్కటే మళ్లీ అప్‌లోడ్ చేసుకోవడం. పని నడుస్తుంది. కానీ ఎవరు ఎప్పుడు ఏం మార్చారో ఇక ఎప్పటికీ తెలియదు.

అందుకే ఇవాళ ఆ పొరలు పైనుంచి ఒక్కొక్కటే తీద్దాం. ఉదాహరణకి ఇంగ్లండ్, అమెరికా ఫర్నిచర్ తీసుకుంటున్నాను. వాళ్లు దేనికి ఏం పూశారో పుస్తకాల్లో రాసిపెట్టుకున్నారు, కాబట్టి ఆధారాలు దొరుకుతాయి. పైగా ఈ కథలో అసలు సరుకు వెళ్లింది మన అడవుల నుంచే. అక్కడికి వస్తాను.

అన్నిటికంటే పైన ఉండేది స్ప్రే. 1886లో అమెరికాలోని రసీన్ అనే ఊళ్లో శామ్యూల్ జాన్సన్ అనే ఆయన చెక్క ఫ్లోరింగ్ వ్యాపారం పెట్టాడు. ఫ్లోర్ వేయించుకున్న కస్టమర్లు "దీన్ని మెరిసేలా ఎలా ఉంచాలి?" అని అడగడం మొదలుపెట్టారు. వాళ్లకోసం మైనం తయారుచేసి అమ్మాడు. చివరికి ఫ్లోరింగ్ పోయి మైనమే అసలు వ్యాపారమైంది. అదే ఎస్.సి. జాన్సన్ కంపెనీ. 1935లో ఆ కంపెనీని నడిపిన మనవడు, నీళ్ల మీద కూడా దిగగలిగే విమానంలో బ్రెజిల్ దాకా వెళ్లాడు. కార్నౌబా అనే తాటిజాతి చెట్టు ఆకుల మీద గట్టి మైనం వస్తుంది. ఆ చెట్లు తన ఫ్యాక్టరీకి సరిపడా ఉన్నాయా లేదా కళ్లతో చూసుకోవడానికి ఆ ప్రయాణం. 1958లో అదే కంపెనీ ప్లెడ్జ్ అనే స్ప్రే తెచ్చింది. డబ్బాలోంచి మైనం తీసి, పూసి, ఆరనిచ్చి, చేయి నొప్పెట్టేదాకా రుద్దే బాధ పోయింది. బటన్ నొక్కు, గుడ్డతో తుడువు, అయిపోయింది.

ఇలాంటి స్ప్రేలు చాలావాటిలో సిలికాన్ నూనె ఉంటుంది. మెరుపు బాగానే ఇస్తుంది. చిక్కు తర్వాత వస్తుంది. అది సన్నటి పగుళ్లలోంచి కర్రలోకి దిగిపోతుంది. పదేళ్ల తర్వాత మీరు కొత్త పాలిష్ వేస్తే అక్కడక్కడా అంటుకోకుండా గుండ్రటి చిన్న గుంటలు పడతాయి. పెయింటర్లు దాన్ని ఫిష్ ఐ అంటారు. చూడ్డానికి నిజంగానే చేప కన్నులా ఉంటుంది.

దాని కింద అసలు మైనం. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది. కార్నౌబా కరగాలంటే 80 దాటాలి. మన ఎండాకాలంలో తేనెమైనం పూర్తిగా కరగకపోయినా మెత్తబడుతుంది. మెత్తబడితే దుమ్ము పట్టుకుంటుంది. ఒకప్పుడైతే ఇంట్లో కిరసనాయిలు దీపం పొగ, వంటింటి పొగ, అగరొత్తుల పొగ అన్నీ వెళ్లి దాని మీదే కూర్చునేవి. పండగకి ఇల్లు దులుపుతూ దాని మీద ఇంకో పూత. అంటే గత ఏడాది మసిని మైనంతో సీల్ చేసి దాచుకోవడమే. ముప్ఫై ఏళ్లు అలా చేస్తే ముప్ఫై పండగల మసి అక్కడే ఉంటుంది.

ఈ పొర తీయడం తేలికే. మైనం నీళ్లలో కరగదు. పెయింట్ షాపులో దొరికే మినరల్ టర్పెంటైన్‌లో కరుగుతుంది. మెత్తటి నూలు గుడ్డని తడిపి, అరచేయంత జాగా మాత్రమే తీసుకుని తుడవాలి. గుడ్డని మాటిమాటికీ మార్చాలి. కరిగిన మైనం గుడ్డకి ఎక్కాలి. మార్చకపోతే ఇక్కడి మురికిని అక్కడికి జరుపుతున్నట్టే. కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా, చేతికి గ్లోవ్స్ వేసుకుని చేయాలి. వంటసోడా, అమ్మోనియా లాంటివి పెట్టొద్దు. అవి కింద ఉన్న అసలు పొరని తినేస్తాయి. ఎందుకో కాసేపట్లో చెప్తాను.

మైనంతో పాటు చేతుల చెమట, ఏదో ఒలికిన మరక, ఇలా నీటికి లొంగే మురికి కూడా ఉంటుంది. దానికి మ్యూజియం వాళ్లు వాడే ఒక పదార్థం ఉంది. ఉమ్మి. జోక్ కాదు. దూదిని నోట్లో తడిపి రుద్దడం ఆ వృత్తిలో పాత అలవాటు. 1990లో పోర్చుగల్‌కి చెందిన ముగ్గురు, బంగారు పూత వేసిన 18వ శతాబ్దపు చెక్క శిల్పం మీద దీన్ని పరీక్షించి పేపర్ రాశారు. ఉమ్మిలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ ఆ పని చేస్తోందని తేల్చారు. 2018లో వాళ్లకి ఇగ్ నోబెల్ బహుమతి వచ్చింది. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది.

మైనం వరకూ ఓకే. దాని కింద, కొన్నిసార్లు దాంతోనే కలిసిపోయి, ఒక మొండి పొర ఉంటుంది. అవిసె నూనె. షాపులో లిన్సీడ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు. అవిసె నూనె, టర్పెంటైన్, వెనిగర్ కలిపి "ఎండిపోయిన కర్రకి ప్రాణం పోసే మందు" అని పాశ్చాత్య దేశాల్లో తరాల తరబడి పూశారు. 20వ శతాబ్దంలో మ్యూజియంల వాళ్లు కూడా పూశారు. పూసిన రోజు భలే ఉంటుంది. కానీ ఈ నూనె ఆరడమంటే నీళ్లలా ఆవిరైపోవడం కాదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి, అణువులు ఒకదానికొకటి ముడిపడి గట్టి పొర అవుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గోధుమ రంగుకి, తర్వాత నలుపుకి తిరుగుతుంది. బాగా పాతబడిందంటే టర్పెంటైన్‌కి లొంగదు, స్పిరిట్‌కి లొంగదు. దాన్ని కరిగించేంత ఘాటైనది వాడితే కింద ఉన్నది కూడా పోతుంది. నలుపులో అసలు ముదురు నలుపు ఇదే.

ఇక్కడ ఒక ఘటన చెప్పకుండా ముందుకెళ్లలేను. 1991 ఫిబ్రవరి 23, శనివారం రాత్రి. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వన్ మెరిడియన్ ప్లాజా అనే 38 అంతస్తుల ఆఫీసు బిల్డింగ్. 22వ అంతస్తులో గోడల చెక్క పలకల్ని శుభ్రం చేసి కొత్తగా మెరుగు పెట్టే పని జరుగుతోంది. పనివాళ్లు లిన్సీడ్ ఆయిల్‌తో తడిసిన గుడ్డల్ని కుప్పగా వదిలి వెళ్లారు. ఇందాక చెప్పాను కదా, ఈ నూనె ఆక్సిజన్‌తో కలుస్తుందని. అలా కలిసేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ పరిచి ఉంటే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. కుప్పలో అయితే బయటికి పోయే దారి లేదు. అగ్గిపుల్ల అక్కర్లేదు, కరెంటు షాక్ అక్కర్లేదు. గుడ్డలు వాటంతట అవే అంటుకున్నాయి.

మంట దాదాపు 19 గంటలు ఎగసింది. 22 నుంచి 29 వరకు ఎనిమిది అంతస్తులు కాలిపోయాయి. నీటి పైపుల వాల్వులు సరిగ్గా సెట్ చేయకపోవడంతో పై అంతస్తుల్లో గొట్టాలకి తగినంత ఒత్తిడితో నీళ్లు అందలేదు. పొగలో దారి తప్పి ముగ్గురు ఫైర్ సిబ్బంది చనిపోయారు. చివరికి దాన్ని ఆపింది 30వ అంతస్తులో ఉన్న పది స్ప్రింక్లర్లు. ఆ బిల్డింగ్ మళ్లీ తెరుచుకోలేదు. 1999లో కూల్చేశారు.

కాబట్టి మీ ఇంట్లో గానీ, మీ ఇంటికి వచ్చే పాలిష్ అతను గానీ లిన్సీడ్ ఆయిల్ వాడితే, ఆ గుడ్డల్ని ఉండచుట్టి చెత్తబుట్టలో వేయనీయకండి. ఆరుబయట ఒక్కొక్కటీ విడిగా పరిచి ఆరనివ్వాలి. లేదంటే నీళ్లు పోసిన ఇనప డబ్బాలో ముంచి మూత పెట్టాలి. ఈ ఒక్క ముక్క కోసం వీడియో షేర్ చేసినా చాలు.

ఇప్పుడు కింద పొర. నాకు ఇష్టమైన పొర. ఇంగ్లిష్ వాళ్లు దీన్ని ఫ్రెంచ్ పాలిష్ అంటారు. మన పాలిష్ మేస్త్రీలు కూడా ఆ పేరే వాడతారు. పేరులో ఫ్రాన్స్ ఉంది గానీ అందులోని సరుకు లక్క.

లక్క అంటే మనకి కొత్తేం కాదు. భారతంలో పాండవుల కోసం కట్టించిన లక్క ఇల్లు గుర్తుంది కదా. పెళ్లికూతురి పాదాలకి పెట్టే లత్తుక, కవర్ల మీద వేసే లక్క సీలు, చార్మినార్ దగ్గర లాడ్ బజార్‌లో గాజులు, అన్నీ దీనివే. మోదుగ, రేగు, కుసుమ్ లాంటి చెట్ల కొమ్మల మీద ఒక చిన్న పురుగు గుంపులు గుంపులుగా కూర్చుని రసం పీల్చి, తన చుట్టూ జిగురు కవచం కట్టుకుంటుంది. కిలో లక్కకి లక్షల పురుగులు పనిచేయాలి. ఆ లక్ష అన్న మాట నుంచే దీనికి పేరు వచ్చిందని చాలామంది అంటారు.

కొమ్మల నుంచి గీకి, కడిగితే ముందు ఎర్ర రంగు దిగుతుంది. మిగిలిన జిగురుని పొడవాటి గుడ్డ సంచిలో నింపి, బొగ్గుల నిప్పు ముందు పెట్టి సంచిని మెలిపెడతారు. కరిగిన లక్క గుడ్డలోంచి వడకట్టుకుని బయటికి వస్తుంది. వేడిగా ఉండగానే ఒక మనిషి దాన్ని చేతులతో, కాళ్లతో, పళ్లతో పట్టుకుని నాలుగు వైపులా సాగదీస్తాడు. మీర్జాపూర్ ఈ పనికి పేరుపడ్డ ఊరు. రోటీకి పిండి సాగదీసినట్టు మంచం దుప్పటంత పలచటి పొర వస్తుంది. అది చల్లారాక విరిగితే వచ్చే రేకులే చపడా. లండన్ దొరగారి బల్ల మీద అద్దంలాంటి మెరుపు వెనక ఈ మనిషి పళ్లు ఉన్నాయన్నమాట.

ఇంగ్లండ్‌లో 1688లోనే స్టాకర్, పార్కర్ అనే ఇద్దరు వార్నిష్‌ల మీద పెద్ద పుస్తకం వేశారు. అందులో లక్క వార్నిష్ తయారీలు ఉన్నాయి. కానీ అప్పట్లో అది ఖరీదైన, చైనా జపాన్ వస్తువుల్ని అనుకరించే పనికి. మామూలు బల్లలకీ కుర్చీలకీ మైనం, నూనెలే. 1803లో షెరటన్ అనే ప్రసిద్ధ ఫర్నిచర్ డిజైనర్ తన నిఘంటువులో సాదా పని మెరుగు పెట్టడం గురించి ఏం రాశాడంటే, నూనె, ఇటుక పొడి. అంతే. మన అమ్మమ్మలు ఇత్తడి గిన్నెలు తోమిన ఇటుక పొడే.

ఆ తర్వాత పదిహేను ఇరవై ఏళ్లలో ఫ్రాన్స్ నుంచి కొత్త పద్ధతి ఇంగ్లండ్‌కి చేరింది. చపడాని స్పిరిట్‌లో కరిగించి, దూది ఉండని గుడ్డలో చుట్టి, దాన్ని తడిపి, ఒక చుక్క నూనె వేసుకుని, గుండ్రంగా తిప్పుతూ పలచగా పూస్తూ పోవడం. ఒక పూత కాదు, పదుల పూతలు. స్పిరిట్ ఎగిరిపోతుంది, లక్క మిగులుతుంది. ఇటుక పొడితో ఎంత రుద్దినా రాని మెరుపు దీంతో వచ్చింది. అందరికీ అదే కావాలి. కానీ స్పిరిట్ మీద తాగే మద్యంతో సమానంగా పన్ను ఉండేది. 1855లో బ్రిటన్ ప్రభుత్వం ఒక పని చేసింది. తాగడానికి పనికిరాకుండా విషం కలిపిన స్పిరిట్‌ని పన్ను లేకుండా పరిశ్రమలకి అమ్మనిచ్చింది. అదే మిథైలేటెడ్ స్పిరిట్. దాంతో పాలిష్ ఖర్చు తగ్గింది. ఒక టాక్స్ రూల్ మారి కుర్చీల రంగు మారడం నాకు భలే ఇంట్రెస్టింగ్‌గా అనిపిస్తుంది.

నష్టం కూడా అక్కడే జరిగింది. ఈ కొత్త మెరుపు మోజులో 18వ శతాబ్దపు బల్లల్నీ కుర్చీల్నీ గీకేశారు. వందేళ్ల మైనం, నూనె, చేతుల రాపిడి అన్నీ పోయి, కొత్త ఫ్రెంచ్ పాలిష్ వచ్చింది. ఇప్పుడు అసలు పూత మిగిలిన 18వ శతాబ్దపు వస్తువు దొరకడం అరుదు. దొరికితే వేలంలో ధర ఆకాశంలో ఉంటుంది. మనవాళ్లు ఇప్పుడు పీయూ పేరుతో చేస్తున్నది అచ్చంగా ఇదే. విక్టోరియా కాలం వాళ్లకి ఒక సాకైనా ఉంది. ఆ పోయిన పొరకి విలువ ఉంటుందని వాళ్లకి చెప్పినవాళ్లు లేరు. మనకి ఆ సాకు కూడా లేదు.

లక్క మోజు అక్కడితో ఆగలేదు. 1890ల నుంచి గ్రామఫోన్ రికార్డులు లక్కతో చేశారు. బేక్‌లాండ్ అనే కెమిస్ట్ లక్కకి బదులు ఇంకేదైనా తయారుచేయాలని కూర్చుని 1907లో బేకలైట్ కనిపెట్టాడు. ప్లాస్టిక్ యుగం అలా మొదలైంది. 1920ల్లో వచ్చిన నైట్రోసెల్యులోజ్ లాకర్ నిమిషాల్లో ఆరిపోయేది, స్ప్రే గన్‌తో కొట్టేయొచ్చు. ఫ్యాక్టరీలు అటు వెళ్లిపోయాయి. 1942లో యుద్ధం వల్ల లక్క కొరత వచ్చి అమెరికా ప్రభుత్వం రికార్డుల తయారీకి వాడే లక్కని 70 శాతం కోసింది. పాత రికార్డు ఇస్తేనే కొత్త రికార్డు అమ్మిన రోజులు అవి.

ఇప్పుడు అసలు ప్రశ్న. పైన నల్లటి మైనం, నూనె. కింద లక్క. పైది తీయాలి, కిందది ఉంచాలి. ఎలా? కెమిస్ట్రీ మన వైపే ఉంది. మైనం టర్పెంటైన్‌లో కరుగుతుంది, లక్క కరగదు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. సోడా, అమ్మోనియా లాంటి క్షారాల్లో కూడా కరుగుతుంది. వాటిని వద్దన్నది అందుకే. నూనె పొర విషయంలో మాత్రం చాలాకాలం మ్యూజియం వాళ్లు కూడా చేతులెత్తేశారు. 1980ల్లో అమెరికాలో రిచర్డ్ వోల్బర్స్ అనే నిపుణుడు, ద్రావకాల్ని జెల్ రూపంలో వాడే పద్ధతిని అభివృద్ధి చేశాడు. జెల్ అయితే కారిపోదు, లోపలికి ఇంకదు, పెట్టిన చోట పై పొర మీదే పనిచేస్తుంది. సరైన సమయానికి తుడిచేస్తే కింద పొర చాలావరకు చెక్కుచెదరదు. ఇంట్లో చేసే పని కాదిది. ఇంట్లో మైనం వరకే చాలు.

మరి అదేమంత తేలికైతే బజార్లో పెయింట్ రిమూవర్ ఎందుకు కొంటారంటే, తొందర. పాత రిమూవర్లలో మిథిలీన్ క్లోరైడ్ ఉండేది. అది అన్ని పొరల్నీ ఒకేసారి లేపేస్తుంది. గాలి ఆడని గదుల్లో వాడి మనుషులు చనిపోయారు. 2019లో అమెరికా దాన్ని మామూలు కొనుగోలుదారులకి అమ్మడం ఆపించింది. మీరు ఏ రిమూవర్ కొన్నా ముందు డబ్బా మీద ఆ పేరు ఉందేమో చదవండి.

మీ ఇంట్లో బీరువా ఏ కాలానిదో చూసుకోవాలంటే చిన్న టెస్ట్ చెప్తాను. తలుపు లోపలి అంచు, కాలి వెనక భాగం, ఇలా కనపడని చోట ఎంచుకోండి. ముందు టర్పెంటైన్‌తో మైనం తుడవండి. ఆరాక ఇయర్‌బడ్‌ని స్పిరిట్‌లో ముంచి అక్కడ పదిసార్లు తిప్పండి. జిగటగా మారి, దూదికి గోధుమ రంగు అంటితే అది లక్క. కదలకపోతే ఎన్‌సీ థిన్నర్‌తో అదే చేయండి. అప్పుడు మెత్తబడితే నైట్రోసెల్యులోజ్, అంటే 1920ల తర్వాతిది. దేనికీ కదలకపోతే పీయూ లాంటి ఈ కాలపు పూత కావచ్చు. మరీ పాత లక్క కూడా గట్టిపడి ఒక్కోసారి మొండికేస్తుంది, కాబట్టి ఒక్క చోట చూసి తీర్పు చెప్పేయకండి. వేడి టీ గ్లాసు పెట్టిన చోట తెల్లటి చక్రం పడి ఉంటే అది కూడా లక్కకి గుర్తే. ఆ తెలుపు లోపల చిక్కిన తేమ.

లక్క అని తేలితే ఒక మంచి విషయం ఉంది. పీయూ గీత పడితే మొత్తం గీకి మళ్లీ కొట్టాలి. లక్క అలా కాదు. కొత్త లక్క ద్రావణం పాత లక్కని కాస్త కరిగించి దాంట్లో కలిసిపోతుంది. వందేళ్ల పూతకి ఇవాళ అతుకు వేయొచ్చు, అతుకు కనపడదు. చపడా, స్పిరిట్‌తో చేతిపాలిష్ వేసే పాత మేస్త్రీ మీ ఊళ్లో ఇంకా ఉంటే, మెషీన్ అతనికంటే ముందు ఆయన్ని అడగండి.

స్పిరిట్ లేకుండా లక్కని కర్రకి పట్టించే పద్ధతి కూడా మన దగ్గర ఉంది. అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికే లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది. మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. 2017లో వాటికి జీఐ గుర్తింపు వచ్చింది. వచ్చే ఎపిసోడ్ అక్కడి నుంచే. అప్పటిదాకా మీ ఇంట్లో బీరువా వెనక్కి వెళ్లి ఆ ఇయర్‌బడ్ టెస్ట్ చేసి చూడండి. ఉంటాను.